నేరేడు నిలబడడు

కార్తీక మాసం, ఆదివారం. రాజమండ్రి.

ఉదయం అయిదున్నరకే నేరేడు లేపాడు. లేపడమంటే మొరగడు. మంచం పక్కన నిలబడి ముక్కుతో నా మోచేతిని పైకెత్తి వదిలేస్తాడు. మూడోసారికీ లేవకపోతే పెద్దగా నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు విన్నాక పడుకోవడం నా వల్ల కాదు.

నేరేడు అన్న పేరు అమ్మ పెట్టింది. నాలుగేళ్ల కిందట వానలో తడుస్తూ మా అరుగు కింద దూరిన ఊరకుక్క పిల్ల వాడు. నల్లగా నిగనిగలాడతాడు, ఏటవాలు ఎండ పడితే కాస్త ఊదా మెరుపు కూడా కనిపిస్తుంది. "నేరేడు మరక అంటుకుంటే వదలదు, ఆలోచించుకోండి" అని నాన్న అప్పుడే హెచ్చరించారు. ఇప్పుడు ఆయన పెరుగన్నంలో సగం వాడిదే.

ఇవాళ కెమెరా కూడా తీసుకువెళ్లాను. మూడు నెలల కిందట ఒకరు వాడి అమ్మేసినది కొన్నాను. దానికి ఉన్నది 50 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటే. కొనడానికి కారణం మా పిన్ని. నా ఫోనులో నేరేడు ఫొటోలు రెండు వేల దాకా ఉన్నాయి. వాటిలో ఒకటి చూసి పిన్ని, "సోఫా మీద ఆ నల్ల సంచీ ఎవరిది?" అని అడిగింది. నాకు నవ్వు రాలేదు.

నల్ల కుక్కను ఫొటో తీయడంలోని తిరకాసు ఇన్నాళ్లకు కొంచెం బోధపడింది. వెలుగును కొలిచే కెమెరా తాను చూసేదంతా ఒక మోస్తరు బూడిద రంగే అనుకుంటుంది. ఫ్రేము నిండా నేరేడు ఉంటే చీకటి అనుకుని వెలుగు పెంచేస్తుంది. అప్పుడు వాడు ఒళ్లంతా విభూతి పూసుకున్న సాధువులా వస్తాడు. వాడు చిన్నగా, వెనక ఆకాశం పెద్దగా ఉంటే వెలుగు తగ్గించేస్తుంది. అప్పుడు కుక్క ఆకారంలో ఒక రంధ్రం మిగులుతుంది. మొదటి దానికి వెలుగు సర్దుబాటును మైనస్ 1కి, రెండో దానికి ప్లస్ 1కి తిప్పాలి. ఈ రెండు ముక్కలు తలకెక్కడానికి నాకు నెల పట్టింది. చీటీ రాసి కెమెరా సంచీలో అంటించుకున్నాను కూడా.

రెండో నెల మూతితోనే సరిపోయింది. వెనకంతా మసకబారి ముఖం మాత్రం తేలాలన్న మోజుతో లెన్సును 1.8 దగ్గర పూర్తిగా తెరిచి పెట్టేదాన్ని. మీటరు దూరం నుంచి అలా తీస్తే స్పష్టంగా వచ్చే లోతు సుమారు మూడు సెంటీమీటర్లే. నేరేడు మూతి ఒక్కటే అంతకు మూడింతలు ఉంటుంది. ముక్కు మీది గరుకు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చేది, కళ్లు మాత్రం మంచులో ఉండేవి. ఇప్పుడు లెన్సును కాస్త మూసి 5.6 దగ్గర ఆగుతున్నాను. మోజు తీరిందని చెప్పను, రాజీ పడ్డానంతే.

స్నానఘట్టాలన్నీ జనంతో కిటకిటలాడుతున్నాయి. అరటి దొప్పల్లో వదిలిన దీపాలు ఒకదాని వెనక ఒకటి సాగిపోతున్నాయి. అక్కడికి కుక్కతో వెళ్లడం ఎవరికీ మంచిది కాదు. అందుకే రద్దీ లేని చోట గట్టు మీద ఆగాను. రాజమండ్రిలో ఫొటోలు తీసేవాళ్లకు గోదావరి ఒక మేలు చేసింది. ఊరు తూర్పు ఒడ్డున ఉంది కనుక ఉదయం ఏటివైపు తిరిగి నిలబడితే సూర్యుడు మన వీపు వెనకే ఉంటాడు. వెలుగంతా తిన్నగా వెళ్లి ఎదుట ఉన్నవాడి ముఖం మీద పడుతుంది. నేరేడు వెనక హేవలాక్ వంతెన లేత నీలంగా కనిపిస్తోంది. 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయిన వంతెన అది. కదలకుండా నిలబడటంలో వాడు దాన్ని చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది.

వాడి కళ్ల ఎత్తుకు దిగాలి కదా అని బోర్లా పడుకున్నాను. పడుకోగానే ఇదేదో ఆట అనుకుని వచ్చి చెవి నాకాడు. లెన్సు తుడుచుకుని మళ్లీ పడుకుంటే మళ్లీ వచ్చాడు. స్నానం చేసి తడి పంచెతో వెళుతున్న ఒక పెద్దాయన ఆగి కాసేపు చూశారు.

"పెళ్లిచూపులకు పంపడానికా అమ్మాయీ?" అన్నారు.

"అవునండీ. అబ్బాయి నిలబడటం లేదు."

"నిలబడితే మాత్రం ఏమి లాభం, రంగు తక్కువ అంటారు" అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

ఇంకో చిక్కు, దీపావళి వెళ్లి పది రోజులు కూడా కాలేదు. ఆ రాత్రి టపాకాయలకు మంచం కింద దూరి తెల్లవారే దాకా బయటికి రాలేదు. ఇప్పుడు షటరు టక్కుమన్నా చెవులు వెనక్కి పడిపోతున్నాయి. అందుకని ఉడికించిన గుడ్డు తీసుకువెళ్లాను. ఒకసారి టక్కుమంటే ఒక ముక్క. పావుగంటలో ఆ చప్పుడుకీ గుడ్డుకీ సంబంధం ఉందని కనిపెట్టాడు. ఇక లెన్సు ముందు నుంచి కదలడు, మూతి దానికి ఆనించి కూర్చుంటాడు. అదీ పనికిరాదు.

చివరికి వాడిని నిలబెట్టింది నేను కాదు. దూరంగా గుడి గంట మోగింది. తల ఎత్తి, ఒక చెవి నిలిపి, ఇంకో చెవి సగం మడిచి అటు చూశాడు. మూడు నొక్కాను. నాలుగోదానికి కాకి వెనక పరుగెత్తాడు.

ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో చూస్తే మూడింటిలో ఒకటి అచ్చంగా కుదిరింది. నలుపు నలుపుగానే ఉంది, వెంట్రుక వెంట్రుకా విడిగా కనిపిస్తోంది. కంట్లో గట్టు, ఆకాశం, వాటి మధ్య బోర్లా పడిన ఒక ముద్ద. ఆ ముద్దను నేనే. పెద్దది చేసుకుంటూ, మురిసిపోతూ చెవి అంచు దాకా వచ్చాను. అక్కడ ఆముదపు గింజ అంటుకున్నట్టు ఉంది.

గింజ కాదు, గోమారి. ఆముదం మొక్కకు శాస్త్రీయ నామం రిసినస్, లాటిన్‌లో ఆ మాటకు గోమారి అనే అర్థం. ఎక్కడో చదివినది ఇంత చక్కగా గుర్తుకు రావలసిన సమయం అది కాదు. రోజూ నిమిరే చెవే అది. నా చేతికి తగలనిది లెన్సుకు చిక్కింది.

మధ్యాహ్నమంతా ఆ పనే. అమ్మ కిరోసిన్ సీసా తెచ్చింది. వద్దన్నాను. కిరోసిన్‌తోనో నిప్పుతోనో దాన్ని రెచ్చగొడితే కడుపులో ఉన్నది కుక్క ఒంట్లోకే కక్కుతుందని పశువుల డాక్టరు గారు ఎప్పుడో చెప్పారు. పట్టకారును చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా, తిన్నగా, నెమ్మదిగా లాగాలి. గోటితో నలపకుండా స్పిరిట్‌లో వెయ్యాలి. "మా పుట్టింట్లో అన్ని కుక్కలకీ కిరోసినే" అని అమ్మ గొణిగింది కానీ సీసా తీసుకుని వెళ్లిపోయింది. చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో కలిపి పదకొండు దొరికాయి. చిగుళ్లు చూశాను, ఎర్రగానే ఉన్నాయి. ఈ పురుగుల వల్ల వచ్చే జ్వరాల్లో అవి పాలిపోతాయి. అన్నం మానేసినా, నీరసంగా కనిపించినా వెంటనే తీసుకువెళ్లాలి. ఎలాగూ రేపు మందు వేయించాలి.

అంతసేపూ నేరేడు కదలలేదు. నా ఒళ్లో తల పెట్టి, కళ్లు సగం మూసి, ఒక్కో కాలు అడిగినప్పుడల్లా ఇచ్చాడు. నాలుగున్నరకు పడమటి కిటికీలోంచి ఎండ వచ్చి వాడి మెడ మీద పడింది. ఊదా మెరుపు, మూడు నెలలుగా నేను వెతుకుతున్నది అదే. నా చేతులు రెండూ స్పిరిట్ కంపు కొడుతున్నాయి, కెమెరా బల్ల మీద ఉంది.

"అమ్మా, ఆ పైన మీట ఒక్కటి నొక్కు చాలు" అని బతిమాలాను.

అమ్మ ఫోను తీసి నొక్కింది. రాత్రి చూశాను. ఒళ్లో ఒక నల్ల సంచీ పెట్టుకుని, దానిలో దేనికోసమో నేను ఆత్రంగా వెతుక్కుంటున్నాను.