అమ్మమ్మగారి ఊళ్లో గ్లూటెన్ లేని అట్టు

మా అమ్మాయికి సీలియాక్ జబ్బు ఉందని అమెరికాలో డాక్టర్లు తేల్చాక నాకు ఎక్కువ టెన్షన్ పట్టుకుంది శ్రీకాకుళం సెలవుల గురించే. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ కడుపులో పడితే ఈ పిల్లలకి చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. "కొంచెం తింటే ఏటవుతాది, పిల్ల బెంగెట్టుకుంటాది" అంది అమ్మ ఫోన్లో. ఆ కొంచెమే తినకూడదని ప్రేమగా పెట్టేవాళ్లకి ఎలా చెప్పాలి?

అయితే ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో పొద్దున్నే పోసేది అట్టే కదా. పెసలు, మినుములు, బియ్యం, చోళ్లు... దేన్లోనూ గ్లూటెన్ లేదు. చోళ్లంటే రాగులే, 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పిల్లకి ఇది పత్యం కాదు, మా ఇంటిల్లిపాదీ తినే తిండి. అందరితోపాటు అదే పళ్లెంలో తినడం ఎదిగే పిల్లకి ఎంత ధైర్యమో నేను కళ్లారా చూశాను.

పెసరట్టుకి గ్లాసుడు పొట్టు పెసలు, గుప్పెడు బియ్యం ఐదారు గంటలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి రుబ్బితే చాలు, పులియక్కర్లేదు. చోడి అట్టుకి కాస్త ఓపిక కావాలి. చోడి పిండికి జిగురు తక్కువ, తిరగేస్తే అట్టు విరిగిపోతుంది. నానిన మినప్పప్పు మెత్తగా రుబ్బి కలిపితే అదే పట్టి ఉంచుతుంది. గ్లాసు పప్పుకి రెండు గ్లాసుల పిండి, రాత్రంతా పులియాలి. మాకు అమెరికాలో చలికాలంలో గిన్నెని ఓవెన్‌లో పెట్టి, లోపలి లైటు ఒక్కటే వేసి ఉంచుతాం.

జాగ్రత్తంతా పక్క వస్తువులతోనే. డబ్బా ఇంగువలో చాలావాటికి మైదా కలుపుతారు. పెసరట్టులోకి ఉప్మా కావాలంటే బియ్యపు రవ్వతోనే చేయాలి, బొంబాయి రవ్వ గోధుమదే. చపాతీలు కాల్చిన పెనం వద్దు. పిండి మర సంగతి మరీ ముఖ్యం. అమెరికాలో ప్యాకెట్ మీద గ్లూటెన్ లేదని రాయాలంటే పది లక్షల పాళ్లలో 20 లోపే ఉండాలి. గోధుమలు ఆడించిన మరలో చోళ్లు పోస్తే ఆ లెక్క నిలుస్తుందా? అందుకే అమ్మ చోళ్లు ఏరి, కడిగి, ఎండబెట్టి, విడిగా ఉంచిన మిక్సీలోనే పొడి చేస్తుంది.

దీనికంతటికీ అమ్మని ఒప్పించింది నేను కాదు, మా అమ్మాయే. వచ్చీరాని తెలుగులో "అమ్మమ్మా, గోధుమ తింటే నా పొట్టకి దెబ్బ" అని వీడియో కాల్లో చెప్పింది. అమ్మ ఇంక మారు మాట్లాడలేదు. ఇప్పుడు వాళ్లిద్దరి మాటలన్నీ పిండి పులిసిందా, పెనం కాలిందా అనే. పిల్లల్ని తీసుకుని ఊరికి బయల్దేరేవాళ్లు టికెట్లు కొన్న రోజే కొత్త పెనం, మిక్సీ జార్ కొని పెట్టమని ఇంట్లో చెప్పేయండి.