ఏడాది పొడవునా అడవి బాటల పనికి ట్రాకుల బండి: ఎంపికలో ఏం చూడాలి?

అమెరికాలోని ఉత్తర మిన్నెసోటాలో మా ఊరి చుట్టూ ఉన్న అడవి బాటలను చూసుకునే స్వచ్ఛంద సంఘంలో నేను సభ్యుడిని. రబ్బరు ట్రాకుల (చక్రాలకు బదులు తిరిగే వెడల్పాటి పట్టీల) మీద నడిచే పనిబండి ఒకటి కొనాలన్న ఆలోచన ఈ మధ్య సంఘంలో బలపడటంతో, యంత్రాలను పోల్చి చూసే బాధ్యత నాకు అప్పగించారు. ఈ రాష్ట్రంలో స్నోమొబైల్ (మంచు మీద నడిచే చిన్న మోటారు బండి) బాటలే 22,000 మైళ్లకు పైగా ఉన్నాయి. వాటిలో చాలా భాగాన్ని ప్రభుత్వ సాయధనంతో స్థానిక క్లబ్బులే నిర్వహిస్తున్నాయి కాబట్టి, ఇదే ప్రశ్న మాలాంటి వారెందరికో ఎదురవుతూ ఉంటుంది. అమ్మకందారుల ప్రచార చిత్రాలన్నింటిలోనూ బండి నడుములోతు మంచును చీల్చుకుంటూ పోతుంది. నేను మాత్రం జనవరి మంచును పక్కన పెట్టి, ఏప్రిల్ బురదను, నవంబరులో నేలను సరిగా కప్పని పలుచని మంచును చూసి బండిని ఎంచుకోవాలంటాను.

ఎందుకంటే మా పనిలో మంచును చదును చేయడం ఒక భాగం మాత్రమే. మంచు కరగగానే బాటకు అడ్డంగా పడిన చెట్లను కోసి తొలగించాలి. 2009లో సెయింట్ పాల్‌లో బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు రాష్ట్రంలోని యాష్ చెట్లను క్రమంగా చంపుతోంది. అలాంటి చెట్లు ఇక్కడ దాదాపు వంద కోట్లు ఉన్నాయంటే, రాబోయే ఏళ్లలో రంపం పని ఎంత పెరుగుతుందో ఊహించుకోవచ్చు. వేసవిలో గడ్డి కోయాలి, వాన నీరు కోసిన చోట కంకర పోయాలి. శరదృతువులో బక్‌థార్న్ పొదలను పెరికి మోసుకురావాలి. బరువు మోసే తొట్టె, వెనక లాగే కొక్కెం, మనుషులు ఇద్దరు కూర్చునే చోటు, ఇవన్నీ పన్నెండు నెలలూ కావాలి. స్నోమొబైల్ ఇందుకు పనికిరాదు. దాని ట్రాకు లోపల రుద్దుకునే స్లైడ్లనే పట్టీలకు జారుడునూ, చాలా ఇంజన్లకు చల్లదనాన్నీ ఇచ్చేది మంచే.

ట్రాకుల ప్రయోజనం ఏమిటో ఆంధ్ర, తెలంగాణ పాఠకులకు వివరించనక్కరలేదు. తడి ఆరని వరిచేలో టైర్ల వరికోత మిషన్ దిగబడేచోట చైన్ మిషన్ ఎందుకు కోయగలుగుతుందో ప్రతి రైతుకూ తెలుసు. లెక్క కూడా సులువే. మనిషి, సామాను, ట్రాకులు కలిపి బండి బరువు 1,200 కిలోలు అనుకుందాం. నాలుగు ట్రాకులు కలిసి నేలను తాకే వైశాల్యం 9,000 చదరపు సెంటీమీటర్లు అయితే, ప్రతి చదరపు సెంటీమీటరు మీద పడే బరువు 0.13 కిలోలు. రెండు పాదాల మీద నిలబడిన ఎనభై కిలోల మనిషి మోపే ఒత్తిడి ఇంతకంటే ఎక్కువే, సుమారు 0.2. అదే బండి టైర్ల మీద ఉంటే, వాటిలోని గాలి పీడనాన్ని బట్టి, ఒత్తిడి 0.8కి అటూ ఇటూ ఉంటుంది.

అయితే ఈ ఒక్క అంకెను చూసి కొనకూడదు. రెండు పొడవాటి ట్రాకులున్న యంత్రం మలుపు తిరగాలంటే ఒక ట్రాకును నెమ్మది చేసి రెండోదాన్ని నడపాలి. అప్పుడు ట్రాకులు పక్కకు ఈడ్చుకుపోతూ పైమట్టిని, గడ్డి వేళ్లను పెకలిస్తాయి. తిన్నగా పోయినంతసేపు జాడ కనబడని యంత్రం కూడా ఇరుకు మలుపులో బాటను దున్నేయగలదు. యూటీవీకి (పక్కపక్క సీట్లు, వెనక తొట్టె ఉండే చిన్న పనిబండికి) నాలుగు చక్రాల స్థానంలో బిగించే నాలుగు ట్రాకులలో ముందు రెండూ స్టీరింగుతో చక్రాలలాగే పక్కకు మళ్లుతాయి కనుక ఈ నష్టం చాలా తక్కువ. వంపుల బాటలున్న సంఘాలు ప్రకటనలోని ఒత్తిడి అంకె కంటే ముందు దీన్ని గమనించాలని నా గట్టి సలహా.

ఇంకొక విషయం ప్రాణాలకు సంబంధించినది. మెత్తని నేల మీద ట్రాకులు బరువును పరుస్తాయి కానీ, గడ్డకట్టిన చెరువునూ చెక్క వంతెననూ దాటేటప్పుడు లెక్కలోకి వచ్చేది మొత్తం బరువే. యూటీవీకి కనీసం 7 నుంచి 8 అంగుళాల గట్టి, కొత్త మంచుగడ్డ ఉండాలని మిన్నెసోటా సహజవనరుల శాఖ చెబుతుంది. ట్రాకులు బిగించాం కదా అని ఆ మందాన్ని తగ్గించుకోకూడదు, పైగా వాటి వల్ల బండి బరువు పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. మా బాటల మీద ఉన్న పాత వంతెనల సామర్థ్యాన్ని ముందు తేల్చుకున్నాకే నేను యంత్రాల జాబితా రాయడం మొదలుపెట్టాను.

ఆ జాబితాలోంచి మొదట తొలగిపోయింది స్నోక్యాట్, అంటే మంచును చదును చేసే భారీ ట్రాకుల యంత్రం. పిస్టెన్‌బుల్లీ వంటి యంత్రం చేసే బాట అందానికి సాటి లేదు. కానీ కొత్తది రెండు లక్షల డాలర్లు దాటుతుంది, వేసవిలో మా ఇరుకు బాటల్లోకి పట్టదు. మిగిలినవి పొలారిస్ రేంజర్, కెన్-యామ్ డిఫెండర్, కుబోటా ఆర్‌టీవీ-ఎక్స్1100సీ తరహా యూటీవీలు. మొదటి రెండింటి పెద్ద ఇంజన్ రకాలు 82 హార్స్‌పవర్, అంతకు మించినవి, పెట్రోలుతో, బెల్టుతో నడుస్తాయి. ట్రాకులు బిగించి బరువు లాగేటప్పుడు ఆ బెల్టు వేడెక్కి తెగే ప్రమాదం ఉంది కాబట్టి లో గేరులోనే నడపాలన్న క్రమశిక్షణ నడిపే ప్రతి ఒక్కరికీ ఉండాలి. కుబోటాకు 24.8 హార్స్‌పవర్ డీజిల్ ఇంజనే ఉన్నా, హైడ్రోస్టాటిక్ ప్రసారం (బెల్టుకు బదులు నూనె పీడనంతో చక్రాలకు శక్తిని అందించే పద్ధతి) వల్ల నెమ్మదైన ఒకే వేగంతో గంటల తరబడి లాగుతుంది. మంచును చదును చేసేందుకు వెనక లాగే పలకకు కావలసింది అదే. మైనస్ ముప్పై డిగ్రీల చలిలో డీజిల్ గడ్డకట్టకుండా శీతకాలపు ఇంధనం, ఇంజను హీటరు ఉంటే చాలు. ఏ బండికైనా వెచ్చని క్యాబిన్‌ను, పవర్ స్టీరింగ్‌ను నేను విలాసంగా లెక్కించను.

ట్రాకులు కొనేటప్పుడు నాలుగు కాలాలకూ పనికివచ్చే రకాన్నే అడగాలి. మంచు కోసమే చేసినవి ఎండు నేల మీద, కంకర మీద త్వరగా అరిగిపోతాయి. ఇద్దరు కలిసి ఒక పూటలో విప్పి టైర్లు బిగించగలిగితే, గట్టినేల మీద వేసవి పనినంతా టైర్లతోనే చేసి ట్రాకుల ఆయుష్షును పెంచుకోవచ్చు. రాత్రి బండిని నిలిపే ముందు ట్రాకుల మధ్య ఇరుక్కున్న బురదను, మంచును తీసివేసి, చెక్క పలకల మీద నిలపాలి. లేకపోతే తెల్లారేసరికి ట్రాకులు నేలకు గడ్డకట్టుకుపోతాయి. స్టీరింగు కీళ్లు, బేరింగులు మామూలుకంటే త్వరగా అరుగుతాయి కనుక విడిభాగాలు దగ్గరలో దొరికే బండికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. ట్రాకులు బిగిస్తే వారంటీ నిలుస్తుందో లేదో కాగితం మీద రాయించుకోవడం కూడా అవసరం.

2023–24 శీతకాలంలో ఇక్కడ మంచు చాలా తక్కువగా పడింది. పొరుగు రాష్ట్రం విస్కాన్సిన్‌లోని బిర్కెబైనర్ స్కీ పందెం ఆ ఏడాది కృత్రిమ మంచు పరిచిన 10 కిలోమీటర్ల వలయంలో జరిగింది. నాలుగు అంగుళాల మంచు మీద భారీ యంత్రం తిరిగితే మట్టి పైకి వచ్చి, మర్నాటి ఎండకు ఆ చోట్లే ముందు కరుగుతాయి. అటువంటి రోజులకు మా పాత స్నోమొబైల్‌ను, తేలికపాటి రోలరును అమ్మకుండా ఉంచుకుని, మిగతా పనులన్నింటికీ మధ్యరకం డీజిల్ యూటీవీని, విప్పగలిగే నాలుగు ట్రాకులను కొనాలని సంఘానికి సిఫారసు చేస్తున్నాను. డబ్బు కట్టే ముందు అమ్మకందారు ఆ బండిని ఏప్రిల్ మూడో వారంలో, మా బాటలన్నింటిలోకీ మెత్తనైన తమరాక్ చెట్ల చిత్తడి పక్క మలుపులో, తొట్టె నిండా కంకరతో నడిపి చూపించాలన్న షరతు కూడా అందులో రాశాను.