తప్పు టెంపో

ఆదివారం. ఇస్త్రీ బట్టలు కుప్పపడి ఉన్నాయి, పని చేసుకుంటూ వినొచ్చు కదా అని రష్యన్ స్వరకర్త షోస్టకోవిచ్ ఎనిమిదో సింఫనీ పెట్టాను. మొదటి భాగం అయ్యేసరికి ఒక్క చొక్కా కూడా పూర్తి కాలేదు. ఆయన దీన్ని అంకితమిచ్చింది ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ మ్రావిన్‌స్కీకి. 1943లో మాస్కోలో మొదటిసారి వినిపించిందీ అతనే.

ఇద్దరికీ పని కుదిరింది 1937లో, లెనిన్‌గ్రాడ్‌లో, ఐదో సింఫనీతో. ముందు ఏడాదే కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దా షోస్టకోవిచ్ ఒపెరాని చీల్చి చెండాడింది, రిహార్సల్స్ దాకా వచ్చిన నాలుగో సింఫనీని ఆయనే వెనక్కి తీసుకున్నాడు. ఇదీ బెడిసికొడితే ఉద్యోగం ఒక్కటే కాదు, ప్రాణానికే గ్యారంటీ లేని స్టాలిన్ రోజులు. అలాంటి సింఫనీ ఇంకా పెద్ద పేరు రాని 34 ఏళ్ల మ్రావిన్‌స్కీ చేతికొచ్చింది. అతనేమో ప్రతి చిన్నదానికీ ప్రశ్నలే, షోస్టకోవిచ్‌కి మొదట్లో అది పోలీసు విచారణలా అనిపించిందట. ఎంత అడిగినా టెంపో, అంటే సంగీతం నడవాల్సిన వేగం, సంగతి సరిగ్గా చెప్పకపోతే, మ్రావిన్‌స్కీ పియానో దగ్గర కూర్చుని కావాలనే తప్పు వేగంలో వాయించేవాడు. ఈయన ఉండబట్టలేక, విసుక్కుని, ఆపించి, సరైన వేగం చూపించేవాడు. కొన్నాళ్లకి ఆ ఎత్తు పసిగట్టి తనే చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ల గురించి నాకు అన్నిటికన్నా నచ్చిన ముచ్చట ఇదే.

తర్వాత ఆరు, ఎనిమిది, తొమ్మిది, పది, పన్నెండు, అన్నిటికీ తొలి ప్రదర్శన మ్రావిన్‌స్కీదే. 1962లో పదమూడోది వచ్చింది, కీవ్ దగ్గర బాబీ యార్‌లో నాజీలు యూదులను ఊచకోత కోయడం మీద యెవ్తుషెంకో రాసిన కవితతో మొదలవుతుంది, పైవాళ్లకు అది మింగుడుపడలేదు. మ్రావిన్‌స్కీ చేయనన్నాడు. భయమని కొందరు, భార్య అనారోగ్యమని కొందరు అంటారు. చివరికి ఇంకో కండక్టర్ కొండ్రాషిన్ చేశాడు. భయమే అయితే మాత్రం నాకు మ్రావిన్‌స్కీ మీద కోపమే, 1937లో లేని భయం 1962లో ఎక్కడిదండీ? షోస్టకోవిచ్ బాగా నొచ్చుకున్నాడు, ఆ తర్వాత ఏ కొత్త సింఫనీ తొలి ప్రదర్శనా మ్రావిన్‌స్కీకి దక్కలేదు. అయినా 1972లో పదిహేనోదాన్ని లెనిన్‌గ్రాడ్‌లో అతనే వినిపించాడు.

ఆదివారం నేను విన్నది మ్రావిన్‌స్కీ చేసిన ఎనిమిదో సింఫనీ 1982 కచేరీ రికార్డింగు. తమాషా ఏంటంటే, ఇది సీడీగా వచ్చినప్పుడు పొరపాటున వేగం కాస్త పెరిగిపోయి శ్రుతి పైకి పోయింది, తర్వాతెప్పుడో సరిచేశారు. విసుక్కుని ఆపించడానికి షోస్టకోవిచ్ లేడు, 1975లోనే పోయాడు.