వేడెక్కిన ట్యాబ్

"అక్షరాలు తడబడుతున్నాయమ్మా" అంటూ నాన్నగారు ఈ మధ్యాహ్నం తమ ట్యాబ్‌ను నా చేతిలో పెట్టినప్పుడు, దాని వెనుకభాగం అట్లపెనంలా కాలుతోంది.

సత్యనారాయణపురంలోని మా ఇంటి కిటికీ పక్కన, ఎండ నేరుగా పడే చోట, మందపాటి కవరు తీయకుండా ఛార్జింగ్ పెట్టి ఆయన పేపరు చదువుతున్నారు. కవరు తీసి, ఛార్జర్ తప్పించి, ఫ్యాను కింద 20 నిమిషాలు ఉంచిన తరువాత పేజీలు మళ్ళీ సాఫీగా కదిలాయి. స్టోరేజీ నిండిపోయిందేమోనని నేను మొదట అనుమానించాను గానీ, అందులో చోటు బాగానే ఉంది. వేడి హద్దు దాటినప్పుడు ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. తెర తడబాటుకు కారణం అదే.

నా బెంగంతా బ్యాటరీ గురించే. తెర చల్లబడితే కోలుకుంటుంది, కానీ లిథియం అయాన్ బ్యాటరీ వేడికి కోల్పోయిన సామర్థ్యం తిరిగి రాదు. నూరు శాతం ఛార్జితో వేడిలో ఉంటే నష్టం మరింత త్వరగా జరుగుతుంది. ఆపిల్, శామ్‌సంగ్ సంస్థలు తమ ట్యాబ్‌లను 35 డిగ్రీల లోపే వాడమంటాయి, మన బెజవాడలో మే నెల నీడలోనే 40 దాటుతుంది.

ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగిపోయేలా సెట్టింగు మార్చాను. నాన్నగారి కుర్చీని కూడా లోపలి గదిలోకి జరిపాను.