ఆకాశపటంలో అతి చిన్న దూరాల జాడ

ప్లాంక్ ఉపగ్రహం కొలతలతో 2013లో వెలువడిన ఆకాశపటాన్ని పెద్దది చేసి చూస్తే, నీలం, నారింజ రంగుల మచ్చలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ కనిపిస్తాయి. విశ్వానికి దాదాపు 3,80,000 ఏళ్ల వయసున్నప్పుడు బయలుదేరిన కాంతి అది. ఇప్పుడు దాని సగటు ఉష్ణోగ్రత 2.725 కెల్విన్లు, మచ్చకూ మచ్చకూ తేడా లక్షలో ఒక వంతు మేర మాత్రమే. వాటిలో ప్రస్ఫుటమైనవి సుమారు ఒక డిగ్రీ వెడల్పున, అంటే పున్నమి చంద్రుడికి రెండింతలుగా పరచుకుని ఉంటాయి. ఇంతటి మచ్చకు మూలం పరమాణువు కంటే ఎన్నో రెట్లు చిన్నదైన ఒడుదొడుకు అన్న మాట ఎన్నిసార్లు చదివినా నేను అక్కడ కాసేపు ఆగిపోతాను.

తొలి క్షణంలో విశ్వం విపరీతంగా వ్యాకోచించి ఉంటే, శూన్యంలో సహజంగా ఉండే క్వాంటం ఒడుదొడుకులే సాగి గెలాక్సీలకు బీజాలు కాగలవని 1981లో సోవియట్ శాస్త్రవేత్తలు ముఖనోవ్, చిబిసోవ్ లెక్కగట్టారు. ఆ దశ పేరు ఇన్‌ఫ్లేషన్. ‘ద్రవ్యోల్బణం’ అంటే మనకు ధరలే గుర్తొస్తాయి కనుక ఆ ఇంగ్లిష్ మాటనే ఉంచుతున్నాను.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇన్‌ఫ్లేషన్ కనీస అవసరం కన్నా కొంచెం ఎక్కువ సాగినా, నేటి మచ్చల మూలాలు ఒకప్పుడు ప్లాంక్ దూరం కంటే చిన్నవై ఉండాలి. దశాంశ బిందువు తర్వాత 34 సున్నాలు పెట్టి 16 రాస్తే వచ్చే అన్ని మీటర్లే ఆ దూరం. అంతకన్నా లోపల మనకు తెలిసిన భౌతిక సూత్రాలు చెల్లుతాయన్న భరోసా లేదు. మరి ఆ సూత్రాల మీదే కట్టిన లెక్క ఆకాశంతో ఎలా సరిపోతోందని 2001లో భౌతిక శాస్త్రవేత్తలు మార్టిన్, బ్రాండెన్‌బర్గర్ సూటిగా ప్రశ్నించారు.

అక్కడి భౌతికశాస్త్రం వేరైతే, మచ్చల పరిమాణాన్ని బట్టి తేడాల తీవ్రతను చూపే గ్రాఫు మీద సన్నని అలలు తేలవచ్చని పలు నమూనాలు సూచించాయి. అయితే ఇన్‌ఫ్లేషన్ నాటి శక్తి, ప్లాంక్ దూరానికి సరిపోయే ప్లాంక్ శక్తి కంటే ఎన్నో రెట్లు తక్కువ కనుక, చాలా లెక్కల్లో ఆ అలల ఎత్తు కూడా అత్యల్పమే. ప్లాంక్ బృందం వెతికింది. నమ్మదగిన అల ఏదీ దొరకలేదు. పైగా మనం చూడగల ఆకాశం ఒక్కటే కావడంతో, పెద్ద కోణాల దగ్గర సరిపోల్చుకోవడానికి దొరికే మచ్చలు కొన్నే; ఎంత మంచి పరికరమైనా ఆ కొరతను తీర్చలేదు.

అందుకే నా ఆశ ఇప్పుడు గెలాక్సీల పటాల మీద ఉంది. 2023లో బయలుదేరిన యూక్లిడ్ వంటి టెలిస్కోపులు ఆకాశాన్ని లోతుతో సహా కొలుస్తున్నాయి కనుక, అవే అలలను వెతకడానికి మరెన్నో స్వతంత్రమైన కొలతలు చేతికి వస్తాయి.