మా నాన్నకు మిగిలిన ఒక్క మాట

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, నాన్న బట్టల కొట్లో ఒడియా. పోయినేడు ఒక ఉదయం ఆయన కుడిచేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది. ఏమైందని అమ్మ అడిగితే "అదే... అదే..." అన్నారు. మూతి కాస్త వంకర పోయింది. రాత్రి నిద్ర లేదు కదా, పడుకుంటే తగ్గుతుందిలే అన్నది నేనే. రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అది పక్షవాతం. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలట. మేం పాతపట్నం మీదుగా విశాఖ చేరేసరికి చీకటి పడింది.

డాక్టరు స్కానులో ఎడమ కణత పైన, నుదుటి వెనక ఒక మచ్చ చూపించారు. చాలామందికి మాట కూర్చుకునే చోటు అదేనట. కుడి ముఖాన్నీ కుడి చేతినీ కదిలించే భాగం దాని పక్కనే ఉంటుంది కాబట్టి మూడూ కలిసి దెబ్బతిన్నాయి. కాలు మాత్రం బాగానే ఉందేమని అడిగాను. కాలిని నడిపే చోటు నడినెత్తిన ఉందనీ, దానికి రక్తం వేరే నాళం తెస్తుందనీ చెప్పారు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు, "టాన్" అని తప్ప మరో మాట రాని రోగి చనిపోయాక మెదడు తీసి చూస్తే దెబ్బ సరిగ్గా ఇక్కడే కనిపించిందట. ఆయనకు "టాన్", మా నాన్నకు "అదే".

చూడటానికి వచ్చిన చుట్టాలు మాత్రం నాన్న చెవిలో అరిచేవారు, చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడేవారు. పావురం రక్తం రాయమన్నవారూ ఉన్నారు. మాటలు అర్థం చేసుకునే చోటు ఇంకా వెనక, చెవి పైభాగాన ఉంటుంది. అది నాన్నకు చెక్కుచెదరలేదు. అన్నీ వింటూ కళ్లు మూసుకునేవారు.

స్పీచ్ థెరపీలో గొడుగు బొమ్మ చూపిస్తే "అదే". చెంబు చూపిస్తే "అదే". నెల గడిచింది. ఒకరోజు కొట్లో నేను బట్ట తాను విప్పి మీటరు బద్దతో కొలుస్తూ "ఎక, దుయి" అన్నాను. పక్కనుంచి "తిని, చారి, పాంచ" అని వినిపించింది! ఆయన చదివింది ఒడియా బడిలో. కంఠతా వచ్చిన వరసలు పాటలాగా వేరే దారిన వస్తాయనీ, ఏరి తెచ్చుకునే ఒంటి మాటే కష్టమనీ థెరపిస్టు చెప్పారు. అక్కడినుంచి సాధన కొట్లోకి మార్చేశాం.

ఇప్పుడు "టీ... చక్కెర... వద్దు" అనగలుగుతున్నారు. విభక్తులూ క్రియలూ ఇంకా రాలేదు. ఎవరైనా మూడు మీటర్లు అడిగితే మూడు అన్న మాట నేరుగా రాదు. "ఎక, దుయి" అంటూ మొదటినుంచి ఎక్కి "తిని" దగ్గర ఆగి, బద్ద మీద వేలు పెడతారు. పాత ఖాతాదారులు అంతవరకూ కదలకుండా నిలబడతారు.