నాటినవి ఎన్ని?

పదకొండు దాటింది. అమ్మకి ఈ రోజు దగ్గు తగ్గింది, మందు లేకుండానే నిద్రపోయింది. అది సంతోషమే. కానీ నేను రాయడానికి కూర్చున్నది దాని గురించి కాదు.

బడిలో మొక్కల కార్యక్రమం అయింది. 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ గారు వనమహోత్సవం మొదలుపెట్టినప్పటి నుంచీ జూలై వస్తే దేశమంతా ఇదే పని. నెల మీద నాకేం కోపం లేదు. కోపమంతా ఫారం మీద. సాయంత్రంలోగా నింపి పంపమని గ్రూపులో పెట్టారు. నాటినవి ఎన్ని, ఏ రకాలు, ఫోటో. పోయినేడు నాటినవి ఎన్ని బతికాయో రాసే గడే లేదు. అదే గోడవార, అవే గుంతలు, మళ్ళీ ఎర్రతురాయి, పచ్చతురాయి, కోనోకార్పస్. ఎర్రతురాయి మడగాస్కర్ చెట్టు. మన అనంతపురం ఎర్రనేలలో, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో వేల ఏళ్ళుగా బతికిన రేల, చండ్ర, ఏపి, కానుగ ఒక్కటంటే ఒక్కటి లారీలో లేవు. కవరు చింపకుండానే గుంతలో దింపుతున్న మొక్కల్ని పిల్లల చేత మళ్ళీ పైకి తీయించాను. ఫోటోకి ఆలస్యమవుతోందని నా మీద విసుక్కున్నారు.

అసలు మనసులో నలుగుతున్నది ఇది కూడా కాదు. ఎనిమిదో తరగతిలో ఆ మేకలవాళ్ళ పిల్లాడు ఉన్నాడు కదా, వెనక బెంచీ. ఉపన్యాసాల తర్వాత 'ఎవరైనా మాట్లాడతారా' అంటే లేచాడు. "తుమ్మ మా మేకల దొడ్లో బాగా మొలుస్తుంది సార్, ఆ గింజలు తెస్తా" అన్నాడు. స్టేజీ మీద నవ్వారు. 'పెంటికల మొక్కలా రా' అన్నారొకరు. వాడు కూర్చున్నాడు. బహుమతి కాలుష్యం మీద వ్యాసం అప్పజెప్పిన అమ్మాయికి వెళ్ళింది.

వాడు చెప్పింది అక్షరాలా నిజం. తుమ్మగింజ పొట్టు గట్టిది. వేడినీళ్ళలో నానబెడితేనో, మేక కడుపులో పడి వస్తేనో తొందరగా పగులుతుంది. నర్సరీలవాళ్ళు మేకల దొడ్లలో గింజలు ఏరుకునే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. పర్యావరణాన్ని పిల్లలకి తప్పనిసరి పాఠంగా చెప్పాలని సుప్రీంకోర్టు 1991లోనే అంది. ముప్పై ఏళ్ళు దాటినా పాఠం తెలిసిన పిల్లాడు లేస్తే నవ్వి కూర్చోబెడుతున్నాం. అప్పుడు మైకు తీసుకుని ఒక మాట అందామనుకున్నాను. ఈలోపే జనగణమన మొదలైంది.

బస్సులో వస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. అసలు నాటడం ఎందుకు అని. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు 1990లో కొన్నది 32 ఎకరాల బోడి నేల. వాళ్ళు చేసిన పనిలో నాటడం కంటే కాపాడడమే ఎక్కువ. నిప్పు పడకుండా, గొడ్డలి పడకుండా, మంద తొక్కకుండా చూసుకున్నారు, వాన నీళ్ళు జారిపోకుండా గట్లు వేశారు. ఆ తర్వాత ముష్టికోవెల ఊరివాళ్ళతో కలిసి కల్పవల్లి అనే గుట్టల్ని కాపాడే పని పట్టుకున్నారు. వేసవికి ముందే నిప్పు పాకకుండా బారుగా గడ్డి కోసి అగ్గిగీతలు తీయడం, కాపలా తిరగడం. ఈతచెట్లు వాటంతటవే లేచాయి, బోదగడ్డి వచ్చింది, వంకల్లో నీళ్ళు నిలిచాయి. వేలాది ఎకరాలు. అక్కడ గుట్టల మీద చెట్టు కొట్టేసినా మొదలు బతికే ఉంది. ఊరికే వదిలేస్తే చాలు, అదే వస్తుంది. ఇంటికి రాగానే ఆయనతో ఇదే అన్నాను, వంకపక్క చేను కూడా అలా వదిలేద్దామని. ఆయన ఎప్పటిలాగే 'మీ తమ్ముణ్ణి అడుగు' అన్నారు.

అన్నం తినేటప్పుడు ఏపిచెట్టు గుర్తొచ్చింది. దాంతో ఇందాకటి వాదమంతా కదిలిపోయింది.

ఆ చేను మధ్య గట్టు మీద ఉండేది ఏపి. నారేపి అని కూడా అంటారు, దాని నారతోనే నాయన ఎద్దులకి పగ్గాలు పేనేవాడు. నానబెట్టిన పట్ట వాసన, చేతుల్లో జిగట, తాడు పేనేటప్పుడు కాలి బొటనవేలికి చివర చుట్టి లాగడం, అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. జేజి మధ్యాహ్నం సంగటి గంప దించేది దాని కిందే. కరువులో రెండు ఎద్దులూ దాని ఆకుతో గట్టెక్కాయి. శెనక్కాయ ధర ఎక్కువ పలికిన కాలంలో ఊళ్ళోకి ట్రాక్టర్ వచ్చింది. గట్టు అడ్డం, చెట్టు నీడకి కాయ ఊరదని మాట. కొట్టడానికి వచ్చినవాళ్ళ గొడ్డలి అంచు విరిగింది, అంత చేవ. నాయన ఆ రోజు చేనికి రాలేదు. జేజి మాత్రం సాయంత్రం దాకా వంక ఒడ్డున కూర్చుని చూసింది. ఎవరితోనూ ఏమీ అనలేదు, ఇంటికొచ్చి సంగటి చెయ్యలేదు.

ఆ మొద్దు అంత తొందరగా చావలేదు. తొలకరికి చుట్టూ ఎర్రటి లేత చిగుళ్ళు, సీతాకోక రెక్కల్లా జంటజంటగా. నాగలి తగిలితే మళ్ళీ లేచేది, మేక కొరికితే మళ్ళీ లేచేది. ఏటికేడు చిగుళ్ళు పలచబడ్డాయి. నేను టీచర్ ట్రైనింగుకి వెళ్ళిన ఏడాదికి మొద్దు ఎక్కడుందో కూడా తెలియకుండా దున్నేశారు.

గుట్టల సంగతి వేరు, మా చేను సంగతి వేరు. గుట్టని ఎవరూ దున్నలేదు. మా చేనులో ఇన్నేళ్ళు ట్రాక్టర్ తిరిగాక ఏ వేరూ మిగల్లేదు, పైమట్టి సగం వంకలోకి పోయింది. అక్కడ వదిలేస్తే వచ్చేది సర్కారు తుమ్మ, వయ్యారిభామ. గింజ తెచ్చి వెయ్యాల్సిందే. ఏపి వేసినా ఓపిక కావాలి, మొదటి ఏళ్ళు పైన జానెడే ఉంటుంది, కింద మాత్రం వేరు లోతుకి దిగుతూ పోతుంది. వేపగింజ అయితే రాలిన కొద్ది వారాల్లోనే మట్టిలో పడాలి, లేకపోతే మొలకశక్తి పోతుంది. చేనులో ఇంకా ఒక దారి ఉంది. తూర్పు మూల రేగుకంపని ఎవరూ కొట్టలేదు. పోయినసారి వంగి చూస్తే కంప లోపల మూడు వేప మొలకలు, ఒక బలుసు. పిట్టలు వాలి వేసినవి, ముళ్ళకి మేక మూతి పెట్టదు. అలాంటి రేగుకంపలు నాలుగు చోట్ల పెంచితే వాటి మాటున మిగతావి లేస్తాయి.

కాబట్టి నాటాలా వద్దా అంటే నా మాట మారింది. నాటాలి. కానీ ఏది, ఎక్కడ, ఎవరికి తెలిసిన గింజ అన్నది ముందు తేలాలి. అది తెలిసినవాడు నా తరగతిలోనే ఉన్నాడు. సోమవారం వాడితో తుమ్మకాయలు తెప్పిస్తాను, ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలకి వాడే చూపించాలి. హెడ్మాస్టర్ గారు ఒప్పుకుంటారు, ఆయనకి ఫారం నిండితే చాలు.

మిగిలింది తమ్ముడు. 'సోలార్ వాళ్ళు ఎకరాకి ఇంత ఇస్తామంటున్నారక్కా' అని పోయిన వారమే చెప్పాడు. వాడికి ఇద్దరు పిల్లల ఫీజులున్నాయి, వాణ్ణి అనడానికి లేదు. చేనుకి కంచె వేస్తే మేకలవాళ్ళు వేసవిలో ఎటు పోవాలన్నది ఇంకో ప్రశ్న. అందులో ఆ పిల్లాడి వాళ్ళ మంద కూడా ఉంటుంది. కల్పవల్లిలో మందల్ని పూర్తిగా ఆపలేదు, ఎప్పుడు ఎక్కడ మేపాలో ఊళ్ళే మాట్లాడుకున్నాయి. మా ఊళ్ళో అలా కూర్చుని మాట్లాడేది ఎవరు? ముందు వాడి నాన్నని కలవాలి, ఆ తర్వాతే తమ్ముడికి ఫోన్. ఫారంలో కింద ఖాళీ ఉంది, 'పోయినేడు నాటినవాటిలో బతికినవి' అని నేనే ఒక గీత గీసి రాసి పంపుతున్నాను.